అకౌస్టిక్ గిటార్ల కోసం బ్యాండ్ సా: 10 అంగుళాలది ఉంచాలా, 14కి వెళ్ళాలా, పాత 18 కొనాలా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తున్నా, మిగతావాళ్ళకి అర్థమవ్వాలి కదా. మేడ మీద గదిలో 10 అంగుళాల బెంచ్‌టాప్ బ్యాండ్ సా (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడున్న రంపం మెషిన్) పెట్టుకుని మూడేళ్ళుగా ఎలక్ట్రిక్ గిటార్లు చేస్తున్నారు. ఇప్పుడు ఒక రోజ్‌వుడ్ దిమ్మ దొరికింది, పలకలు తీసి అకౌస్టిక్ మొదలుపెడదామంటే మోటారు మూలుగుతోంది, కోత మధ్యలో పొట్టలాగా వంగిపోతోంది. లక్ష దాకా పెట్టగలరు. కొత్త 14 అంగుళాలది కొనాలా, మీ ఊళ్ళో ఫర్నిచర్ షాపు వాళ్ళు అమ్ముతున్న పాత 18 అంగుళాల పోత ఇనుము మెషిన్ తీసుకోవాలా, లేక బ్లేడు మారిస్తే చాలా, ఉన్నది అమ్మెయ్యాలా అని అడిగారు.

సూటిగా జవాబు: అకౌస్టిక్ నిజంగా చేద్దామనుకుంటే 14 అంగుళాల స్టీల్ ఫ్రేమ్ మెషిన్ కొనండి. గైడ్ల (బ్లేడు పక్కకి పోకుండా పట్టి ఉంచే భాగాలు) కింద కనీసం 10 అంగుళాల ఎత్తు చెక్క పట్టాలి, మోటారు ఒకటిన్నర నుంచి రెండు హార్స్‌పవర్, సింగిల్ ఫేజ్. పాత 18 మేడ మీద గదికి వద్దు. ఎలక్ట్రిక్ గిటార్లే చేసుకుంటూ పోతానంటే మాత్రం ఏదీ కొనక్కర్లేదు, మంచి బ్లేడు చాలు. ఎటు వెళ్ళినా సరే, ముందు ఈ వారం బ్లేడు మార్చి ఒక కోత కోసి చూడండి. 10 అంగుళాలది అమ్మొద్దు.

ఇక వివరంగా. నేను విశాఖలో గాజువాక వైపు ఇంటి వెనక రేకుల షెడ్డులో పన్నెండేళ్ళుగా గిటార్లు చేస్తున్నా, నలభై దాటాయి, అందులో సగానికి పైగా అకౌస్టిక్‌లే. మొదటి నాలుగేళ్ళు నాదీ మీలాంటి 10 అంగుళాల మెషినే. మీరు రాసిన ఆ పొట్ట కోత నాకు బాగా తెలుసు. నా మొదటి రోజ్‌వుడ్ పలక బయటికి తీసి క్యాలిపర్ పెడితే పై అంచు దగ్గర 5 మిల్లీమీటర్లు, మధ్యలో 2.8, కింద మళ్ళీ 5. పైనుంచి చూస్తే గీత మీదే వెళ్ళింది, లోపల బ్లేడు విల్లులా వంగి పక్కకి తినేసింది. ఆ పలక సైడ్లకి (గిటార్ పక్క గోడలు) కాదు కదా, హెడ్‌స్టాక్ (మెడ చివర తల భాగం) మీద అతికించడానికి కూడా పనికి రాలేదు.

అసలు ఎత్తు లెక్క ఏంటంటే

14 అంగుళాల మెషిన్ అంటే చక్రం 14 అంగుళాలు అని. ఆ నంబరు మీద బ్లేడుకీ పక్కన నిలువు స్తంభానికీ మధ్య ఎంత వెడల్పు చెక్క పడుతుందో తెలుస్తుంది, అంతే. మనకి కావాల్సింది ఎత్తు. అది ప్రతి మెషిన్‌కీ వేరుగా ఉంటుంది, చాలామంది అది చూడకుండా కొనేస్తారు.

డ్రెడ్‌నాట్ (పెద్ద బాడీ ఉండే అకౌస్టిక్ రకం) బాడీ కింది భాగం వెడల్పు 15 అంగుళాల 5/8. వెనక పలక రెండు ముక్కలు, ఒకే దిమ్మ నుంచి పక్కపక్కన కోసినవి, పుస్తకం తెరిచినట్టు తెరిచి మధ్యలో అతికిస్తాం. అంటే ఒక్కో ముక్క దగ్గర దగ్గర 8 అంగుళాలు, అంచులు చిత్రిక పట్టడానికి, బయట కొంచెం వదలడానికి కలుపుకుంటే ఎనిమిదిన్నర. దిమ్మని నిలబెట్టి కోస్తాం కాబట్టి ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు కోత. పైన గైడుకి కాస్త సందు కావాలి. అందుకే 10 అన్నాను, 12 ఉంటే ఇంకా హాయి. క్లాసికల్ గిటార్ అయితే కింది వెడల్పు పద్నాలుగున్నర చుట్టూ, ఒక్కో సగం ఏడుంపావు, ఏడున్నర, అక్కడ కూడా మీ మెషిన్ అందదు.

10 అంగుళాల మెషిన్లు చాలావరకు నాలుగున్నర అంగుళాల ఎత్తే పడతాయి. క్లాసికల్ గిటార్ సైడ్లు 4 అంగుళాలు కాబట్టి అవి కోసుకోవచ్చు. డ్రెడ్‌నాట్ బాడీ మందం కింద 4 అంగుళాల 7/8 ఉంటుంది, అక్కడే అంచు మీద ఆగిపోతాం.

పాత రకం 14 అంగుళాల పోత ఇనుము మెషిన్లు కూడా జాగ్రత్తగా చూడండి. అమెరికాలో డెల్టా కంపెనీ డిజైన్ అది, తర్వాత ఎన్నో కంపెనీలు అదే పోతలో చేశాయి. దాని ఎత్తు 6 అంగుళాలే. మధ్యలో రైజర్ బ్లాక్ అని ఒక ముక్క బిగిస్తే 12 అవుతుంది, బ్లేడు పొడవు 93.5 అంగుళాల నుంచి 105కి మారుతుంది. కాగితం మీద బానే ఉంటుంది కానీ మెడ పొడుగైంది, మోటారు అదే ముప్పావు, ఒక హార్స్‌పవర్. గట్టిగా టెన్షన్ ఇస్తే ఫ్రేము వంగుతుంది. నేను ఏడాదిన్నర రైజర్ వేసిన మెషిన్ మీద పని చేశాను, మహాగని బాగా కోసింది, రోజ్‌వుడ్ దగ్గర ప్రతిసారీ బతిమాలుకున్నట్టే ఉండేది. ఎక్కడైనా చవగ్గా దొరికితే తప్పు లేదు, కొత్తగా డబ్బు పెట్టి మాత్రం దాన్ని కొనొద్దు. పెట్టెలా మడిచి వెల్డ్ చేసిన స్టీల్ ఫ్రేమ్ మెషిన్లు తీసుకోండి. ఉదాహరణకి అమెరికాలో ఉన్నవాళ్ళకి తెలిసిన రైకాన్ 10-326 ఉంది కదా, 14 అంగుళాల చక్రం, 13 అంగుళాల ఎత్తు, 1.75 హార్స్‌పవర్. మన దగ్గర ఏ పేరుతో దొరికినా చూడాల్సిన కొలతలు ఇవే.

మోటారు ఎందుకు మూలుగుతోంది

రోజ్‌వుడ్, అదే మన ఇరుగుడు, కొందరు జిట్రేగి అంటారు, ఘనపు మీటరుకి 830 కిలోల దాకా ఉంటుంది. టేకు 650 చుట్టూ. అంత గట్టి చెక్కలో 4 అంగుళాల ఎత్తు కోస్తుంటే అరా, మూడో వంతు హార్స్‌పవర్ మోటారు ఎలా లాగుతుంది? పైగా మెషిన్‌తో వచ్చిన బ్లేడు సాధారణంగా అంగుళానికి 6 పళ్ళది ఉంటుంది. 4 అంగుళాల చెక్కలో 24 పళ్ళు ఒకేసారి నలుగుతున్నాయి, పంటికీ పంటికీ మధ్య ఉన్న సందు చెక్క సగం దాటేసరికే పొట్టుతో నిండిపోతుంది. నిండిన తర్వాత పన్ను కొయ్యదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడికి బ్లేడు సాగి టెన్షన్ పోతుంది, మనం ఇంకా గట్టిగా తోస్తాం, అప్పుడు తప్పించుకోవడానికి దానికున్న దారి పక్కకి వంగడమే. మీ పొట్ట కోత కథ మొత్తం ఇదే.

అందుకే ముందు బ్లేడు అన్నాను. మీ 10 అంగుళాల మెషిన్‌కి 3/8 అంగుళం వెడల్పు, అంగుళానికి 3 లేదా 4 పళ్ళు ఉన్న హుక్ టూత్ (పళ్ళు ముందుకి వంగి ఉండే) బ్లేడు వేయించండి. అర అంగుళం పడుతుంది అని పుస్తకంలో రాసి ఉన్నా వెయ్యొద్దు, ఆ చిన్న ఫ్రేము దానికి సరిపడా టెన్షన్ ఇవ్వలేదు. ఈ ఒక్క మార్పుతో నాలుగు అంగుళాల రోజ్‌వుడ్ నిదానంగా అయినా నిటారుగా కోసింది నా పాత మెషిన్. అదే మెషిన్, అదే మోటారు.

ఇంకో మాట, ఇది కూడా ఆలోచించండి. కొనే ముందే ఒక అకౌస్టిక్ చేసి చూడాలనుకుంటే వెనక పలక రెండు ముక్కలే ఉండాలని రూల్ ఏం లేదు. మార్టిన్ కంపెనీ 1965లో డీ-35 తెచ్చినప్పుడు వెనక మూడు ముక్కలు పెట్టింది, వెడల్పాటి బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై సన్న ముక్కలు వాడుకోవడానికి అలా చేశారు, అది ఇప్పటికీ వాళ్ళ పేరున్న మోడలే. కింది వెడల్పు పదమూడున్నర అంగుళాలుండే చిన్న బాడీ తీసుకుంటే నాలుగున్నర అంగుళాల ముక్కలు మూడు అతికితే దాదాపు వచ్చేస్తుంది, మధ్యలో సన్న పట్టీ వేస్తే అంచులకి వదలడానికీ చోటు దొరుకుతుంది. నా రెండో అకౌస్టిక్ అలాగే చేశాను, మా మేనల్లుడి దగ్గర ఉంది, ఇప్పటికీ వాయిస్తున్నాడు. ఒకటి ఇలా పూర్తి చేశాక ఈ పని మీకు నచ్చిందో లేదో తెలుస్తుంది, అప్పుడు లక్ష తియ్యడానికి చెయ్యి వణకదు.

పాత 18 ఎందుకు వద్దన్నానంటే

మెషిన్ చెడ్డది అని కాదు. బటాలా, రాజ్‌కోట్ వైపు పోత పోసిన పాత మెషిన్లు కొన్ని చూశాను, చక్రాలు బరువుగా ఉండి కోత చాలా నిబ్బరంగా వెళ్తుంది, కింద గచ్చు మీద షెడ్డు ఉంటే నేనే తీసుకోమనేవాణ్ణి. మీది మేడ మీద గది. అది రెండు వందల యాభై, మూడు వందల కిలోలు ఉంటుంది, మెట్ల మలుపులో ఎక్కించాలి, ఎక్కించాక దాని అదురు మొత్తం స్లాబులోకి దిగుతుంది, కింద ఇంట్లో వాళ్ళు పడుకోవాలి కదా. 14 అంగుళాలది నూరు, నూట ఇరవై కిలోలు, టేబులూ మోటారూ విప్పితే నలుగురు మనుషులు మెట్లెక్కించేస్తారు. కింద మందపాటి రబ్బరు షీటు వెయ్యండి.

అయినా మనసు దాని మీదే ఉంటే, లేదా కింద చోటు దొరికితే, వెళ్ళి ఈ పనులు చెయ్యండి. కరెంటు తీసేసి పై చక్రం చేత్తో తిప్పండి, బేరింగు గరగరలాడితే పర్లేదు, బేరింగు మారుస్తాం, చక్రమే వంకరగా ఊగుతుంటే వదిలెయ్యండి. చక్రాల మీద రబ్బరు టైర్లు గోటితో నొక్కండి, గట్టిపడి పగుళ్ళుంటే కొత్తవి వెయ్యాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించండి. టేబుల్ కింద వంచే భాగంలో పగులుందేమో టార్చి వేసి చూడండి. అన్నిటికంటే ముఖ్యం, గైడు కడ్డీని పూర్తిగా కిందికి దించి బ్లేడుకి గైడు సరిగ్గా సర్దండి, తర్వాత పదంగుళాలు పైకి లేపి మళ్ళీ చూడండి. పైకి లేపాక గైడు బ్లేడుని పక్కకి నెడుతుంటే ఆ కడ్డీ బ్లేడుకి సమాంతరంగా లేదని, ఎత్తు కోతలన్నీ మీకు తలనొప్పే. ఫర్నిచర్ పనికి వంపులు కోసుకునేవాళ్ళకి ఇది పట్టదు, అందుకే అమ్మేవాళ్ళకి కూడా తెలియకపోవచ్చు.

మోటారు త్రీ ఫేజ్ అయితే ఇంట్లో సింగిల్ ఫేజ్‌తో తిప్పడానికి వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్‌గా మార్చే పెట్టె) పెట్టుకోవచ్చు. మోటారు నేమ్‌ప్లేట్ మీద డెల్టాలో 230 వోల్టులు అని ఉందా, ఆరు వైర్లు బయటికి వచ్చాయా చూడాలి. లేకపోతే సింగిల్ ఫేజ్ మోటారు వేయించడమే సులువు.

టెన్షన్ గురించి ఎందుకింత చెప్తున్నానంటే

మామూలు కార్బన్ స్టీల్ బ్లేడుకి చదరపు అంగుళానికి 15 నుంచి 20 వేల పౌండ్ల టెన్షన్ కావాలంటారు, కార్బైడ్ పళ్ళ బ్లేడుకి 25 వేల దాకా. అర అంగుళం వెడల్పు, 0.025 అంగుళం మందం బ్లేడు తీసుకుని లెక్కేస్తే పళ్ళ సందులు పోగా మిగిలిన పట్టీకి రెండు వైపులా కలిపి సుమారు 200 కిలోల లాగుడు. అంటే పై చక్రాన్ని ఇద్దరు ముగ్గురు మనుషులు వేలాడి కిందికి లాగుతున్నట్టు. చిన్న మెషిన్ ఫ్రేము దానికి తట్టుకోదు. 14 అంగుళాల స్టీల్ ఫ్రేమ్ తట్టుకుంటుంది. డబ్బు వెళ్ళేది ఇక్కడికే. పుస్తకంలో ముప్పావు అంగుళం బ్లేడు పడుతుంది అని రాస్తారు, నేను మాత్రం 14 మీద అర అంగుళం దాటను, సన్నటి బ్లేడు గట్టిగా లాగి ఉంటే వెడల్పు బ్లేడు వదులుగా ఉన్నదానికంటే నిటారుగా వెళ్తుంది.

కార్బైడ్ బ్లేడు మొదటి రోజే కొనొద్దు. మామూలు బ్లేడ్లు రెండు మూడు అరగదీసి చెయ్యి కుదిరాక కొనండి. మీ దిమ్మ పాత ఇంటి దూలమో, గుమ్మమో అయితే ఇంకా జాగ్రత్త. నేను విజయనగరం వైపు కూల్చిన పాత ఇంటి టేకు దూలం ఒకటి తెచ్చాను, నాలుగు వైపులా చిత్రిక పట్టి చూశాను, ఎక్కడా మేకు కనిపించలేదు. మూడో పలక తీస్తుంటే టిక్ అని చిన్న చప్పుడు, ఒక నిప్పురవ్వ, అంతే. తీసి చూస్తే తల విరిగి లోపలే ఉండిపోయిన చేత్తో కొట్టిన పాత మేకు, దాని చుట్టూ చెక్క నల్లగా మారి ఉంది. వారం కిందట వేసిన కార్బైడ్ బ్లేడుకి పదకొండు పళ్ళు ఎగిరిపోయాయి. ఇప్పుడు పాత చెక్క ఏది వచ్చినా చేతి మెటల్ డిటెక్టర్ తిప్పందే మెషిన్ మీద పెట్టను, చెక్క మీద నల్ల మరక కనిపించినా ఆగి తవ్వి చూస్తా. మీరూ అలా చెయ్యండి.

రోజ్‌వుడ్ కాబట్టి బిల్లూ, అటవీ శాఖ పర్మిట్ కాగితం కూడా అడిగి తీసుకుని దాచుకోండి. రేపు ఎవరికైనా గిటార్ అమ్మాలన్నా పనికొస్తుంది.

బ్లేడు మందం అంటే డబ్బే

50 మిల్లీమీటర్ల మందం దిమ్మ అనుకోండి. మనకి కావాల్సింది చివరికి రెండూ రెండున్నర మిల్లీమీటర్లు, కోసేటప్పుడు 4 పెట్టుకుంటాం. బ్యాండ్ సా కోతలో 1.2 మిల్లీమీటర్లు పొట్టు అయితే తొమ్మిది పలకలు వస్తాయి. టేబుల్ సా మీద కోతకి 3.2 పోతే ఏడే వస్తాయి. రెండు పలకలంటే ఒక గిటార్ వెనక భాగం మొత్తం. మన సైజు టేబుల్ సా బ్లేడు ఎనిమిదంగుళాలు అందదు కూడా, అది వేరే సంగతి. కోత మిల్లుకి తీసుకెళ్తానని ఒకాయన అడిగారు గతంలో, అక్కడి రంపాలు దుంగలు చీల్చడానికి, 4 మిల్లీమీటర్ల పలక తియ్యమంటే వాళ్ళకీ ఇబ్బంది, మనకీ నష్టం.

మెషిన్ వచ్చాక

కొత్తది కాబట్టి సరిగ్గానే ఉంటుంది అనుకోకండి, ఒక ఆదివారం మొత్తం దానికి ఇవ్వండి. టెన్షన్ ఇచ్చి, పై చక్రం చేత్తో తిప్పుతూ బ్లేడు పళ్ళ సందు అడుగుభాగం చక్రం మధ్యలో నడిచేలా సర్దండి. అలా నడిస్తే కోత ఫెన్సుకి (దిమ్మని ఆనించి తోసే నిలువు పట్టీ) సమాంతరంగా వెళ్తుంది, పక్కకి లాగడం చాలావరకు పోతుంది. తర్వాత టేబుల్ని బ్లేడుకి మూలమట్టం పెట్టి సరిచెయ్యండి, ఎత్తు కోతలో అర డిగ్రీ తేడా కూడా ఎనిమిదంగుళాల మీద దాదాపు 2 మిల్లీమీటర్లు అవుతుంది, మనకి మొత్తం ఉన్నదే నాలుగు. గైడ్లు బ్లేడుకి తగిలీ తగలనట్టు, కాగితం ముక్క దూరేంత సందు ఉంచండి, వెనక బేరింగు కోస్తున్నప్పుడు మాత్రమే తిరగాలి. చివరికి పాత మందపాటి 5 రూపాయల బిళ్ళ టేబుల్ మీద అంచు మీద నిలబెట్టి మెషిన్ ఆన్ చెయ్యండి. పడకుండా నిలబడితే అదురు లేదని.

ఫెన్సు ఎత్తు కనీసం 6 అంగుళాలు ఉండాలి, మెషిన్‌తో వచ్చేది చాలకపోతే ప్లైవుడ్‌తో చేసి బిగించుకోండి. దిమ్మ ఫెన్సుకి ఆనే వైపు, టేబుల్ మీద ఆనే వైపు రెండూ చిత్రిక పట్టి ఉండాలి, ప్రతి పలక తీశాక మళ్ళీ ఆ ముఖం చిత్రిక పట్టాలి, బద్ధకిస్తే తర్వాత పలకకి ఆ వంకరే దిగుతుంది. తోసే వేగం చెవి చెప్తుంది. మోటారు శబ్దం కాస్త బరువెక్కి అలాగే నిలకడగా ఉండాలి, దిగిపోతుంటే ఆగండి. ఎనిమిదంగుళాల రోజ్‌వుడ్, 20 అంగుళాల పొడవు పలకకి నాకు మూడు నిమిషాలు పడుతుంది. మొదటి కోత రోజ్‌వుడ్ మీద వద్దు. ఏదైనా మామిడి చెక్క, లేదా ఈమధ్య రైతులు తోటలు వేస్తున్నారు కదా ఆ మహాగని మీద కోసి నాలుగు మూలలా, మధ్యలో క్యాలిపర్ పెట్టండి. అర మిల్లీమీటరు లోపు తేడా ఉంటే రోజ్‌వుడ్ తియ్యొచ్చు.

దిమ్మ ఎటు తిప్పి కొయ్యాలి అన్నది మాత్రం నేను బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నా. వాళ్ళు పనస మొద్దు తొలిచి వీణ చేస్తారు, చెక్క ఎటు లాగుతుందో వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు. దిమ్మ చివర ఉలితో నున్నగా చేసి తడిగుడ్డతో తుడువు, వలయాలు ఎటు నడుస్తున్నాయో కనిపిస్తుంది అన్నారాయన. ఆ వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉండేలా కొయ్యాలి, అలా కోసిన పలక వానాకాలం ఎండాకాలం తేడాకి తక్కువ కదులుతుంది.

కోసిన వెంటనే వాడొద్దు. విశాఖ లాంటి తీరం ఊళ్ళో చెక్కలో తేమ 13, 14 శాతం ఉంటుంది, దిమ్మ లోపల ఇంకా ఎక్కువ. కోసిన సాయంత్రమే పలకలు దోనెలా వంగడం చూస్తారు. మధ్యలో సమానమైన సన్న పుల్లలు పెట్టి దొంతి పేర్చి, పైన బరువు పెట్టి కనీసం రెండు మూడు నెలలు వదలండి, అతికించే ముందు ఏసీ గదిలో కొన్నాళ్ళు ఉంచండి. మెషిన్ టేబుల్ కూడా ఇక్కడి గాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది, వారానికోసారి మైనం రుద్దుతా, పని అయిపోగానే గుడ్డ కప్పుతా.

కరెంటు, దుమ్ము

రెండు హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 10 ఆంపియర్లు లాగుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు. మేడ మీద గదికి కింద మీటరు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 లేదా 20 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ, మంచి ఎర్తింగ్ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపొద్దు. నాకు ఒకసారి సాయంత్రం పూట వోల్టేజీ 190కి పడిపోయినప్పుడు అలాగే కోస్తూ పోయాను, కెపాసిటర్ పొంగి మోటారు ఆగిపోయింది, దిమ్మలో బ్లేడు ఇరుక్కుంది. ఇప్పుడు మీటరు చూసి 215 పైన ఉంటేనే ఎత్తు కోతలు పెట్టుకుంటా.

అమెరికా నుంచి సామాన్లతో పాటు మెషిన్ తెచ్చుకుందామనుకునే వాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది కానీ 60 హెర్ట్జ్‌ని 50 చెయ్యదు. 1725 తిరిగే మోటారు ఇక్కడ 1440 తిరుగుతుంది, వేడి ఎక్కువ. మోటారు మార్పించే ఖర్చు కలుపుకుని చూసుకోండి.

రోజ్‌వుడ్ కోస్తుంటే తియ్యటి వాసన వస్తుంది, ఎవరికైనా నచ్చుతుంది, కానీ ఆ పొట్టు ఒంటికి పడనివాళ్ళు చాలామంది ఉంటారు, మొదట ఏమీ అనిపించకపోయినా కొన్నేళ్ళకి దద్దుర్లు, దగ్గు మొదలవ్వొచ్చు. మా షెడ్డులో సాలెగూళ్ళు కూడా ఊదారంగులోకి మారేవి, నేను పీల్చింది కూడా అదే గాలి కదా. కనీసం ఎన్95 మాస్కు, కుదిరితే మార్చుకునే ఫిల్టర్లున్న మాస్కు వాడండి. మెషిన్‌కి 4 అంగుళాల గొట్టం పెట్టి డస్ట్ కలెక్టర్ తగిలించండి. చాలా మెషిన్లలో గొట్టం కింది తలుపు దగ్గరే ఉంటుంది, పొట్టు పుట్టేది టేబుల్ కింద గైడు దగ్గర. అక్కడ ఇంకో చిన్న గొట్టం మీరే పెట్టుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే మెషిన్‌కి తాళం వేసే స్విచ్ పెట్టించండి. కోసేటప్పుడు పై గైడు చెక్క మీద నుంచి అర అంగుళం కంటే ఎక్కువ ఎత్తులో ఉండకూడదు, చివరి నాలుగంగుళాలు చేత్తో కాదు, కర్రతోనే తొయ్యాలి.

డబ్బు ఎలా పంచాలి

లక్ష మొత్తం మెషిన్‌కి పెట్టెయ్యొద్దు. నేనైతే డెబ్బై, డెబ్బై ఐదు వేల లోపు మెషిన్ చూసి మిగిలింది వైరింగ్, బ్లేడ్లు నాలుగు, మాస్కు, డస్ట్ గొట్టాలకి ఉంచుతా. ఆ ధరలో కొత్తది ఎత్తు సరిపోయేది దొరకకపోతే రెండు మూడు నెలలు ఆగండి, మూతపడుతున్న వర్క్‌షాపుల్లో, స్కూళ్ళ ల్యాబుల్లో మంచివి బయటికొస్తుంటాయి. బ్లేడు కంపెనీ ప్యాకెట్టే కావాలని లేదు, చుట్ట నుంచి కావాల్సిన పొడవు కోసి వెల్డ్ చేసిచ్చే షాపులు పెద్ద ఊళ్ళలో ఉన్నాయి. మెషిన్ పుస్తకం లేకపోతే పొడవు ఇలా లెక్కేసుకోండి: చక్రం వ్యాసాన్ని 3.14తో గుణించి, రెండు చక్రాల మధ్య బిందువుల దూరానికి రెట్టింపు కలపండి. టెన్షన్ స్క్రూ సగంలో ఉన్నప్పుడు కొలవాలి. వెల్డ్ అతుకు దగ్గర వేలు వెనక నుంచి జాగ్రత్తగా రాసి చూడండి, బొడిపె తగిలితే గ్రైండ్ చేయించి తీసుకోండి, లేకపోతే గైడు దగ్గర టక్ టక్ అంటూనే ఉంటుంది.

ఇక మీ చివరి ప్రశ్న, పాతది అమ్మాలా అని. నా రెండు మెషిన్లూ పక్కపక్కనే ఉన్నాయి. 14 మీద అర అంగుళం రీసా (దిమ్మని పలకలుగా కోసే) బ్లేడు ఎప్పుడూ అలాగే ఉంటుంది, సర్దింది చెడగొట్టను. 10 మీద పావు అంగుళం బ్లేడు, అది 5/8 అంగుళాల వ్యాసార్థం వంపు తిరుగుతుంది, ఎలక్ట్రిక్ బాడీ కొమ్ముల లోపలి వంపులు, నెక్ హీలు (మెడ బాడీకి అతికే చోటు), బ్రేసింగ్ ముక్కలు (పలక లోపల అతికించే బలం పట్టీలు) అన్నీ దాని మీదే. అర అంగుళం బ్లేడు రెండున్నర అంగుళాల వంపు కంటే తిరగదు. ఒకే మెషిన్ ఉంటే ప్రతి గిటార్‌కి నాలుగైదు సార్లు బ్లేడు మార్చి మొత్తం మళ్ళీ సర్దుకోవాలి. మీది అమ్మితే వచ్చేది ఏ ఏడెనిమిది వేలో, దానికోసం ఆ సుఖం వదులుకోవద్దు.

బ్లేడు మార్చి కోసి చూశాక పలక నాలుగు మూలల, మధ్య కొలతలు ఇక్కడ పెట్టండి, దిమ్మ చివర ఫోటో కూడా తడి చేసి తీసి పెట్టండి. ఎటు తిప్పి కొయ్యాలో చూసి చెప్తాను.